సూడు సీనప్ప

మా చిన్నాయన సీనప్పకు పిచ్చెక్కిందని ధర్మపురి నాలుగు రోడ్ల టాక్సీ స్టాండులో అనని మనిషి లేడు. అన్నవాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తే. వాళ్ళలో ముగ్గురు తర్వాత మా ఇంటి వాకిట్లో కార్లు నిలిపి, "అణ్ణా, మా బండికీ ఒకటి బిగించు" అని బతిమాలారు. ఆ సంగతి వాళ్ళ నోట రాదు కాబట్టి నేను చెబుతున్నాను.

తమిళనాట మాది తెలుగు ఇల్లు. ఎప్పుడు వచ్చామో, ఎందుకు వచ్చామో చెప్పగలిగిన పెద్దలు ఎప్పుడో పోయారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు మా వాళ్ళలో ఎవరికీ రావు. నేను కంబైనల్లూరులో బడిపంతులమ్మనయ్యాక పంతం పట్టి నేర్చుకున్నాను. చిన్నాయనకు తమిళ అక్షరాలు కూడా కూడబలుక్కుంటే గాని వచ్చేవి కావు. అంకెలు మాత్రం గడగడా చదివేవాడు. పదిహేనేళ్ళు లారీలు తోలి, తర్వాత దొరల కాలపు నల్ల కారు ఒకటి పాడుబడి ఉంటే తెచ్చుకుని, తానే విప్పి, తానే బిగించి టాక్సీ చేసుకున్నాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఎవరైనా ఒక మాటంటే రెండు అప్పగించందే నిద్రపోయేవాడు కాదు. మా వంశంలో ఆ గుణం ఆయనతో ఆగలేదని నా భర్త అంటూ ఉంటాడు.

ఆ కారు 1970 మే నెలలో తొప్పూరు కనుమలో చచ్చిపోయింది. చంపింది ఒక్క మాట.

సేలం నుంచి ధర్మపురికి వచ్చేటప్పుడు తొప్పూరు దాటగానే కనుమ ఎక్కాలి. ఆ రోజు కారు నిండా మనుషులు. ముందు సీట్లో తంగవేలు. తంగవేలు తమిళం వాడు, అంగడి బోర్డులకూ నంబరు ప్లేట్లకూ అక్షరాలు రాసే పని. రంగు డబ్బాలకు సేలం పోయినప్పుడల్లా చిన్నాయన కారే ఎక్కేవాడు. మా ఇంట్లో రాగి సంకటి తిని తిని తెలుగు పట్టుబడింది. వంకరటింకరగానైనా చిన్నాయనతో తెలుగే మాట్లాడేవాడు. ఆ రోజూ దారి పొడుగునా తెలుగులోనే కబుర్లు చెబుతూ వచ్చాడు.

కనుమ సగం ఎక్కేసరికి తంగవేలు కాళ్ళ కింది రేకు చుర్రుమంది. కమురు వాసన వచ్చింది. వాడు అదిరిపడి "సూడు! సూడు!" అని అరిచాడు.

తమిళంలో సూడు అంటే వేడి. మా ఇంటి తెలుగులో సూడు అంటే చూడు. రెండు మాటలూ మేము రోజూ వాడతాం, ఎప్పుడూ తికమకపడం. ఎదుటి మనిషి ఏ భాషలో ఉన్నాడో తెలుస్తూనే ఉంటుంది కదా. కానీ ఆ క్షణం దాకా తంగవేలు తెలుగులో ఉన్నాడు. భయం వేసేసరికి వాడి నోటికి వాడి తల్లి మాట వచ్చింది. భయం వేసేసరికి చిన్నాయన చెవికి మా అవ్వ మాట వినబడింది. చూడమన్నాడు కాబోలనుకుని చిన్నాయన రోడ్డు మీదికి చూశాడు. ఎదురుగా దుంగల లారీ ఒకటి వెనక్కి జారుతున్నట్టు కనిపించింది. దాన్ని దాటి తప్పించుకుందామని ఆక్సిలరేటరు అదిమి తొక్కాడు. కాగిపోయి నీళ్ళలా పలచబడిన నూనెతో ఆ ఇంజను ఇంకో ఫర్లాంగు కూడా పోలేదు. ఒక్కసారి గీపెట్టి బిగుసుకుపోయింది.

మనుషులందరూ దిగి మిట్టమధ్యాహ్నం కనుమ నడిచి ఎక్కారు. వాళ్ళలో గాజుల పచ్చయమ్మాళ్ ఒకతె. పాపారపట్టి, కంబైనల్లూరు సంతల్లో గాజులమ్మే పెద్ద మనిషి. సేలంలో కొన్న గాజుల మూట నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే కాలు జారి మూట పడింది. అన్నీ పగిలిపోయాయి. పగిలిన గాజుల ముందు నడిరోడ్డు మీద కూర్చుని ఆమె పెట్టిన శాపనార్థాలు తొప్పూరు దాకా వినిపించాయని చెబుతారు. మళ్ళీ సీనప్ప బండి ఎక్కితే నా పేరు పచ్చయమ్మాళ్ కాదని ఒట్టు పెట్టుకుంది.

మరునాటికి కథంతా స్టాండుకు చేరింది. వేడి అని చెబితే వేడుక చూశాడని నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన పేరు సూడు సీనప్ప. తమిళంలో పిలిస్తే కాగిపోయిన సీనప్ప, తెలుగులో పిలిస్తే బిత్తరచూపుల సీనప్ప. ఏ భాషలో విన్నా ఎగతాళే. తంగవేలునూ వదల్లేదు, "మాట సెప్పేటప్పుడు భాష సెప్పి సెప్పప్పా" అని ఏడిపించారు. చిన్నాయన తంగవేలును ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఇద్దరూ కలిసి కనిపిస్తే చాలు జనం నవ్వేవారు. అలా ఒకరి ఎదుట ఒకరు పడకుండా తప్పించుకు తిరగడం మొదలైంది. తంగవేలు మా ఇంటికి రావడం మానేశాడు.

నవ్వులతో పోయి ఉంటే బాగుండేది. స్టాండు సంఘానికి తలైవర్, అంటే పెద్ద, బాలసుందరం. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పేనాలు. ఐదు నెలలు కష్టపడి చిన్నాయన ఇంజను బాగుచేసుకుని కారుతో తిరిగి వస్తే, ఆయన కుర్చీలోంచి లేవకుండానే తీర్పు చెప్పాడు.

"సేలం వరుస నీకు లేదు సీనప్పా. లోకల్ తోలుకో. కనుమలో ఇంకోతూరి నిలిచిపోతే స్టాండుకు సెడ్డ పేరు."

వరుసంటే, సేలం పోయే మనుషులు వస్తే ఎవరి కారు ముందు కదలాలనే క్రమం. సేలం వరుస లేని డ్రైవరు ఆ స్టాండులో సగం డ్రైవరు. చిన్నాయనకు సంతలూ చావులూ మిగిలాయి. ఎదురుగా నిన్న మొన్న స్టీరింగు పట్టినవాళ్ళు సేలం, సేలం అని కేకలేసి కదిలిపోతుంటే ఈయన బానెట్టు తుడుచుకుంటూ నిలబడాలి. కనుమ తోలలేని డ్రైవరు అని పిలిపించుకోవడం కంటే చావడం నయం అనేవాడు. ఆయనకు కావలసింది ఒక్కటే, తన సేలం వరుస. అదీ అడుక్కుని కాదు.

"సంఘం వాళ్ళ కాడికి పోయి ఒకసారి నమస్కారం పెట్టి అడగరాదా మామా?" అంది మా తిమ్మమ్మ చిన్నమ్మ, ఆయన భార్య.

"కనుమ ఏమన్నా వాళ్ళ అబ్బ కట్టించినాడా?" అన్నాడు చిన్నాయన. ఆ ప్రస్తావన అంతటితో సరి.

మూడేళ్ళు గడిచాయి. ఆ మూడేళ్ళూ ఆయన బుర్రలో ఒకటే ప్రశ్న. "ఇంజను నీళ్ళను సల్లబరిసేదానికి రేడియేటరు ఉండాది. నూనెను సల్లబరిసేదానికి ఎవరుండారు?" అని ఎదురైన ప్రతివాడినీ అడిగేవాడు. నన్నూ అడిగాడు. నాకేం తెలుస్తుంది, నేను చెప్పేది మూడో తరగతి. జవాబు ఆయనకు నల్లరాయి గని దగ్గర దొరికింది. రాయి తొలిచే యంత్రానికి గాలి కొట్టే ఇంజను ఒకటి అక్కడ పాడై మూల పడి ఉంది. దాని ముందు భాగాన పలక అంత చిన్న రేడియేటరు. లోపల తిరిగేది నీళ్ళు కాదు, నూనె. గనివాళ్ళ ఇంకో యంత్రాన్ని మూడు రోజులు ఉచితంగా బాగుచేసిపెట్టి, దీన్ని ఇప్పించుకుని చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఇదేంది మామా, దువ్వెన్ల కట్టా?" అంది చిన్నమ్మ.

"ఇదే నా సేలం వరుస" అన్నాడు.

తర్వాత బెంగళూరు పోయాడు. పాత ఇనుప సామాన్ల సంతలో పట్టాళం వాళ్ళ మిలిటరీ బండ్లు విప్పి అమ్మే అంగడి చూసి, గడియారాల్లాంటి మీటర్లు రెండు ఏరుకొచ్చాడు. ఒకటి నూనె ఒత్తిడి చూపేది, పౌన్లలో. ఇంకోటి నూనె వేడి చూపేది, ఫారెన్‌హీటులో. దాని తోక పొడుగ్గా సన్నటి రాగి గొట్టం, ఆ కొసన చిటికెన వేలంత బుడిపె.

బిగించడానికి నెల పట్టింది. ఆ ఇంజనుకు నూనె గొట్టం ఒకటి పక్కనుంచి బయటికి వచ్చి ఫిల్టరుకు పోయేది. దాన్ని విప్పేసి, ఆ రెండు నోళ్ళనుంచీ రెండు ట్యూబులు ముందుకు లాగి, చిన్న రేడియేటరుకు కలపాలి. వినడానికి ఇంతే. కానీ కారు మరలు ఒక కొలత, గని యంత్రం మరలు ఇంకో కొలత. లేతు పట్టే ఈశ్వరప్ప ఇత్తడి జాయింట్లు తీసిచ్చాడు. మొదటివి కారాయి. రెండోసారివీ కారాయి. "సీనప్పా, నీ కారు ఉచ్చ పోస్తాండాది, బట్ట కట్టు" అని ఈశ్వరప్ప నవ్వాడు. చిన్నాయన కోపంతో ఆ జాయింట్లు ఆయన కాళ్ళ దగ్గర పడేసి ఇంటికొచ్చి, సాయంత్రానికి మళ్ళీ పోయి ఏరుకున్నాడు. తప్పు జాయింట్లలో లేదు, పాత వాషర్లలో ఉందని దారిలో తట్టిందట. రాగి వాషర్లు కొత్తవి తెచ్చి, మా చిన్నమ్మ పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో వేశాడు. అలా చేస్తే రాగి మెత్తబడి, బిగించినప్పుడు సందు లేకుండా కూర్చుంటుంది. ఆ తర్వాత ఒక్క చుక్క కారలేదు.

ఆ నెలలో బడికి సెలవులు, నేను అక్కడే ఉన్నాను. మీటరు నిజం చెబుతుందో లేదో చూడాలని చిన్నాయన దాని బుడిపెను మరిగే ఎసట్లో ముంచాడు. ముల్లు మెల్లగా లేచి ఒకచోట నిలిచింది.

"ఎంత సూపిస్తాండాది పాపా?"

"రెండు వందల పన్నెండు" అన్నాను.

"అది నీళ్ళు మరిగే వేడి. నూనె ఇంకొంచెం ఓర్చుకుంటాది." ఆలోచించి, ఇంకాస్త పైన, రెండు వందల నలభై దగ్గర వేలు పెట్టాడు. "ఈడ ఎర్రగీత కావాల."

అక్షరాలూ గీతలూ రాసేవాడు ఊళ్ళో తంగవేలే. వాణ్ని పిలవడానికి మొహం చెల్లలేదు. నా గోళ్ళ రంగు సీసా తెచ్చి అద్దం మీద గీత గీశాను. బడిపంతులమ్మకు గోళ్ళ రంగెందుకని సణిగే మా అత్తగారికి ఆ సంగతి తర్వాత గర్వంగా చెప్పాను.

చిన్నాయన ఆ గీతనే చూస్తూ అన్నాడు: "ఈ గీత దాటితే లోపల దేవుడు కూర్చోనుండినా బండి నిలుపుతా. ఇది నా ఒట్టు."

చిన్న రేడియేటరును పెద్ద రేడియేటరు ముందు, రెండు వేళ్ళ సందు వదిలి, ఇనుప పట్టీలతో బిగించాడు. అదురుకు పగలకుండా కింద టైరు ముక్కలు వేశాడు. కొత్తగా పెట్టిన ట్యూబుల నిండా నూనె చేరకముందే ఇంజను స్టార్టు చేస్తే మళ్ళీ మొదటికే మోసం. అందుకని ప్లగ్గులు తీసేసి, ముందు హ్యాండిలు వేసి చేత్తో తిప్పాలి. ఆయన తిప్పి తిప్పి అలిసిపోయాడు. చిన్నమ్మ కొంగు దోపుకుని ముందుకొచ్చింది. ఇరవై ఏళ్ళు రాగులు విసిరిన చేతులు. ఆమె తిప్పుతుంటే లోపల కూర్చున్న చిన్నాయన ఒక్క కేక పెట్టాడు. ఒత్తిడి ముల్లు సున్నా మీదినుంచి లేచింది. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూశాను. నూనె చింది కంట్లో పడిందన్నాడు. నూనె ఎక్కడా చిందలేదు.

మరునాడు కారు తీసుకెళ్ళి సేలం వరుసలో నిలిపాడు.

బాలసుందరం వచ్చి ముందు వైపు వంగి చూశాడు. "ఏమప్పా, ముసలి కారుకు పళ్ళు కట్టించినావా?" స్టాండంతా నవ్వింది.

"పళ్ళే. కనుమను కొరకడానికి" అన్నాడు చిన్నాయన.

"కొరుకు, సూస్తాం. మే నెల కత్తిరి ఎండలో, మిట్టమధ్యాన్నం, నిండు బండితో సేలం నుంచి రావాల. బానెట్టు తెరవకూడదు, మేం ముద్ర వేస్తాం. యాడా నిలపకూడదు. వస్తే సేలం వరుస నీది. నిలిస్తే ఇంక ఈ పక్క తొంగి సూడకూడదు." వెళ్ళబోతూ ఆగి అన్నాడు: "ఆఁ, ముందు సీట్లో తంగవేలు ఉండాల. సూడు అని సెప్పేదానికి ఆయన లేకుంటే ఎట్లా?"

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చిన్నాయన మాత్రం నవ్వులు పూర్తిగా అణిగేదాకా ఆగి, "ఉండనీ" అన్నాడు.

తంగవేలు రానన్నాడు. చిన్నాయన మూడేళ్ళ తర్వాత వాడి కొట్టు ముందుకు పోయి నిలబడి, "నువ్వు రాకుంటే వాళ్ళు నవ్వింది నిజమైతాది" అన్నాడు. తంగవేలు కుంచె కడిగి పెట్టి లేచాడు.

వెనక సీటుకు స్టాండువాళ్ళు సాక్షులని ఇద్దరిని పంపారు. లావు చూసి ఎంచి పంపారని వేరే చెప్పనక్కర్లేదు. వాళ్ళ మధ్య నేను. ఇక పచ్చయమ్మాళ్, ఎవరూ పిలవకుండానే వచ్చింది. "పగిలింది నా గాజులు. ఒట్టు ఈ ఒక్కరోజుకు పక్కన పెడతాను. ఈసారి నిలిచిపోతే వీడి నెత్తిన మట్టి నేనే పోస్తాను" అని తమిళంలో అందరికీ వినబడేలా చెప్పి నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఇంకొకరు పట్టరనుకున్న సీట్లో ఎలాగో పట్టింది.

మేము సేలం చేరేసరికి అక్కడ బాలసుందరం స్వయంగా ఉన్నాడు. బానెట్టు సందుకు తాడు కట్టి లక్క ముద్ర వేశాడు. తర్వాత సంఘం పేరు రాసిన గుడ్డ బ్యానరు తీయించి, కారు ముందు ఈ చివరనుంచి ఆ చివరకు బిగించి కట్టించాడు. పైన పూలమాల. "సంఘం కారని దారిలో నలుగురికీ తెలియాల గదా" అన్నాడు. చిన్నాయన అప్పుడు ట్యూబులు కారుతున్నాయేమోనని కారు కింద దూరి చూస్తున్నాడు. పైకి లేచి మాల చూసి నవ్వి, దుమ్ము దులుపుకుని ఎక్కాడు. బాలసుందరం తన కారులో ముందే ధర్మపురికి బయలుదేరాడు.

తొప్పూరు దాకా ముల్లు చెప్పినట్టు విన్నది. కనుమ మొదలయ్యేసరికి నూట తొంభై. దారిలో మూడు కార్లు నోళ్ళు తెరుచుకుని ఆవిరి కక్కుతూ నిలబడి ఉన్నాయి. చిన్నాయన వాటిని చూడను కూడా చూడలేదు. రెండో గేరులో ఎక్కుతున్నాం. రెండు వందలు. రెండు వందల పది. ఒత్తిడి ముల్లు నలభై పౌన్లనుంచి ముప్పైకి దిగింది. తంగవేలు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కళ్ళు మీటరుకు అప్పగించి కూర్చున్నాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఆ మాట నోట రాకూడదని జపం చేస్తున్నట్టున్నాడు.

దుంగల లారీ కనిపించిన పాత మలుపు దాటాం. ముల్లు ఉన్నట్టుండి లేవడం మొదలైంది. రెండు వందల ఇరవై. ఇరవై ఐదు. ఒత్తిడి ఇరవైకి పడింది. తంగవేలు చెమటలు తుడుచుకున్నాడు, నోరు తెరిచాడు, మూశాడు. రెండు వందల ముప్పై ఐదు. ఇక పట్టలేక, మా చిన్నమ్మ ఎసటి కుండ దగ్గర అనే తెలుగు మాట ఎక్కడినుంచో గుర్తు తెచ్చుకుని గొంతు చించుకుని అరిచాడు.

"కాక! అణ్ణా, కాక! కాక!"

మా తెలుగులో కాక అంటే వేడి. తమిళం చెవికి అది కాకి. లావు సాక్షులిద్దరూ ఉలిక్కిపడి చెరో కిటికీలోంచి తల బయటపెట్టి ఆకాశం వైపు చూశారు. "ఎక్కడ? కాకి ఎక్కడ?" అంది పచ్చయమ్మాళ్. అంత భయంలోనూ నాకు నవ్వు ఆగలేదు. చిన్నాయన మాత్రం నవ్వలేదు, బయటికి చూడలేదు. ఈసారి ఆయన చూడవలసిన చోటే చూశాడు. ముల్లు నా గోళ్ళ రంగు మీద ఉంది.

"సీనప్పా, ఇంక రెండే మలుపులు" అన్నాడు ఒక సాక్షి. "నిలిపితే ఓడిపోతావు."

"అణ్ణా, రెండే గదా, ఎక్కేస్తాది" అని తంగవేలు కూడా బతిమాలాడు.

ముల్లు గీత దాటింది. చిన్నాయన కారు పక్కకు తీసి నిలిపేశాడు.

మూడేళ్ళు, నెల రోజుల పని, చిన్నమ్మ తిప్పిన హ్యాండిలు, అన్నీ రెండు మలుపుల ముందు ఆగిపోయాయి. "తోలి ఉండొచ్చు గదా చిన్నాయనా" అని నేనూ అన్నాను. ఇప్పటికీ ఆ మాటకు సిగ్గుపడతాను.

"దేవుడు కూర్చోనుండినా నిలుపుతా అంటిని. మీరు దేవుళ్ళు కూడా కాదు" అన్నాడు.

ఇంజనును ఆపకుండా మెల్లగా తిరగనిచ్చి దిగి ముందుకు పోయాడు. తర్వాత ఆయన గొంతు. "నా కండ్లు యాడ పెట్టుకోనుంటినిరా!" మేమూ దిగి చూశాం. గాలికి బ్యానరు గుడ్డ వెనక్కి లాక్కుపోయి, చిన్న రేడియేటరు మొహానికి తడిగుడ్డలా అతుక్కుని ఉంది. లోపలికి గాలి చొరబడే దారే లేదు. ముప్పై ఏళ్ళు కార్లు తోలిన బాలసుందరానికి కారు ముక్కు ఎక్కడుందో తెలియదా? తెలిసే కట్టాడో, తెలియక కట్టాడో నేను చెప్పలేను. నా అనుమానం నాది.

చిన్నాయన మాల తీసి పచ్చయమ్మాళ్ చేతికిచ్చాడు, బ్యానరు చించి మడిచి చంకలో పెట్టుకున్నాడు. తాడునూ లక్క ముద్రనూ ముట్టుకోలేదు. ఎండలో గొంతుక్కూర్చుని కిటికీలోంచి ముల్లును చూస్తూ ఉన్నాడు. పచ్చయమ్మాళ్ తన చెంబులో నీళ్ళు ఆయనకిచ్చింది. మట్టి పోస్తానన్న మనిషి. పదకొండు నిమిషాల్లో ముల్లు రెండు వందలకు దిగింది. మళ్ళీ ఎక్కాం. ఆ రెండు మలుపుల్లో ముల్లు రెండు వందల పది దాటలేదు. అదియమాన్‌కోట్టై దాటుతుంటే తంగవేలు చిన్నగా, "కాక అంటే వేడే గదా అణ్ణా?" అని అడిగాడు. అప్పుడు నవ్వాడు చిన్నాయన. స్టాండు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

బాలసుందరం ముద్ర చూశాడు, చెక్కుచెదరలేదు. సాక్షుల వైపు చూశాడు. "నిలిపినాడు" అన్నారు వాళ్ళు. బాలసుందరం చేతులు దులుపుకుని, "అయితే ఓడిపోయినావు" అన్నాడు.

"నిలిపినాను" అన్నాడు చిన్నాయన, స్టాండంతా వినేలా. "మూడేండ్ల కింద నిలపలేదని నవ్వినారు. ఈరోజు నిలిపినానని నవ్వండి. మీ నవ్వు కోసం ఇంకో ఇంజను సంపుకోను. ఇదో మీ గుడ్డ. రేపు సేలం వరుసలో మొదట నిలబడేది నా బండి. ఎవరు తీస్తారో తీయండి." బ్యానరు బాలసుందరం కుర్చీ మీద పడేసి వచ్చేశాడు.

అన్నంత పనీ చేశాడు. పొద్దున్నే సేలం వరుసలో, మొదటి వంతు శివలింగానిదైతే అతని కారు పక్కనే తన కారు నిలిపాడు. అందరూ మూగారు. బాలసుందరం కుర్చీలోంచి లేచి వచ్చాడు. అంతలో పచ్చయమ్మాళ్ ఖాళీ మూటగుడ్డ భుజాన వేసుకుని వచ్చి, శివలింగం కారు దాటి, చిన్నాయన కారు తలుపు తీసి కూర్చుంది.

"అవ్వా, వరుస ఆ బండిది. వీడు నిన్న కనుమలో నిలిపినాడు, మరిచిపోయినావా?" అన్నాడు బాలసుందరం.

"నిలిపినందుకే ఎక్కాను" అంది ఆమె. "అప్పుడు నిలపక నన్ను నడిపించాడు. నిన్న నిలిపి నన్ను ఇల్లు చేర్చాడు. పందెం కోసం నిలపని వాడి బండిలో నువ్వెక్కు. సేలం పోనీ తంబీ."

శివలింగం తన కారు స్టార్టు చేసి, నాలుగడుగులు వెనక్కి తీసి దారి ఇచ్చాడు. బాలసుందరం తిరిగి పోయి కుర్చీలో కూర్చున్నాడు.

చిన్నాయన కదలలేదు. రమ్మని ముందే చెప్పిన తంగవేలు కోసం ఆగాడు. వాడు తెల్లరంగు డబ్బా, సన్నకుంచె పట్టుకుని పరిగెత్తుకొచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"మీటరు కింద ఏమి రాయాల అణ్ణా? ఆయిల్ అనా?"

"సూడు అని రాయి."

తంగవేలు చెయ్యి ఆగిపోయింది. "వద్దు అణ్ణా. నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వేవాళ్ళు ఇంక నా బండిలో కూర్చోని నవ్వాల. రాయి."

తంగవేలు తమిళ అక్షరాల్లో పెద్దగా రాశాడు. చదువుకున్న తమిళులకు అది వేడి. మా ఇంటివాళ్ళకు చూడు. ఆ ముల్లు కింద ఇంకే మాటా అంత సరిగ్గా కుదరదు.

"ఏం రాయించావు తంబీ?" అంది చదువు రాని పచ్చయమ్మాళ్, వెనక నుంచి మెడ చాచి.

"నా పేరు" అన్నాడు చిన్నాయన, గేరు వేస్తూ.